సీటు వచ్చాక పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు

(వార్షికోత్సవ సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద పిల్లలకు శాలువా కప్పుతాం, స్కాలర్‌షిప్ ఇస్తాం, ఫోటో దిగుతాం. ఆ పిల్ల మొదటి సెమిస్టర్‌లో లెక్కలు తప్పితే మాత్రం మాకు తెలియదు. ఇది మా లోపమే, ఒప్పుకుంటున్నాం. అందుకే అమెరికాలోని నల్లజాతి విద్యార్థుల సంగతి మీకు చెప్పాలనిపించింది.

పర్డ్యూ యూనివర్సిటీలో 1960ల చివర్లో ఇంజనీరింగ్‌లో చేరిన నల్లజాతి పిల్లల్లో 80 శాతం మంది చదువు మధ్యలోనే మానేసేవారట. 1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూపర్ అనే ఇద్దరు విద్యార్థులు దీనికోసం ఒక సంఘం పెట్టారు. తర్వాత వచ్చినవాళ్లు ఊరుకోలేదు, దేశంలోని ఇంజనీరింగ్ కాలేజీలన్నిటికీ ఉత్తరాలు రాశారు. 1975 ఏప్రిల్‌లో 32 కాలేజీల నుంచి 48 మంది పర్డ్యూకి వచ్చారు. నేషనల్ సొసైటీ ఆఫ్ బ్లాక్ ఇంజనీర్స్ అలా పుట్టింది. చదువులోనూ ఉద్యోగంలోనూ ఒకరికొకరు తోడుగా నిలవడమే దాని పని.

ఆ రోజుల్లోనే బర్కిలీలో యూరి ట్రైస్‌మన్ అనే లెక్కల మాస్టారు ఒక విషయం కనిపెట్టారు. కాల్కులస్‌లో తప్పుతున్న నల్లజాతి పిల్లలు బద్ధకస్తులు కారు. గంటల తరబడి చదివేవారు, కానీ ఒంటరిగా. చైనా మూలాల పిల్లలేమో కలిసి కూర్చుని, ఒకరి లెక్క ఒకరు దిద్దుకునేవారు. ఆయన అందరినీ గుంపులుగా కూర్చోబెట్టి, తేలికవి కాదు, కష్టమైన లెక్కలే ఇచ్చారు. ఫలితాలు మారాయి.

వాళ్లు పడ్డ వర్ణవివక్ష వేరు, మన కష్టం వేరు. రెండూ ఒకటని మేం అనడం లేదు. కానీ షోలాపూర్‌లో మరాఠీ బడిలో, సేలంలో తమిళ బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్ల ఇంగ్లీషు క్లాసులో అర్థంకాక వెనక బెంచీలో కూర్చుంటే, ఆ ఒంటరితనం ఒకటే.

కాబట్టి ఈ ఏడు నుంచి మూడు పనులు చేద్దాం. చేరిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక సీనియర్‌ని అప్పగిద్దాం. ఆదివారం పూట ఫోన్లోనైనా కలిసి లెక్కలు చేయిద్దాం. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇవ్వాలి. డబ్బు ఇవ్వలేనివాళ్లు నెలకు రెండు గంటలు ఇవ్వండి, చాలు.

మగ్గం మీద పోగు తెగితే బట్ట పారేయం, ఆగి అతుకుతాం. పిల్లల విషయంలోనూ అంతే కదా! పేర్లు ఇవాళే రాయించండి. సెలవు.