దూరశ్రవణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వ్యాసుని వరముచే దివ్యదృష్టి బడసిన సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధవార్తల నెరిగించెను. సంజయునియందు మెచ్చదగినది దివ్యదృష్టి యొక్కటియే కాదు. రాజునకు అప్రియమైనను కన్నది కన్నట్లు చెప్పుట అంతకంటె గొప్ప గుణము. నేటి ప్రసంగవిషయమగు దూరశ్రవణమునకు ఆ గుణమే ప్రాణము.

దూరశ్రవణమనగా తన ఊరికై ఉద్దేశింపబడని దూరదేశపు మధ్యమతరంగ ప్రసారమును సామాన్యమైన రేడియోతో పట్టి, అది ఎచ్చటిదో గుర్తించి, పుస్తకమున వ్రాసికొనుట. ప్రపంచమున అనేక దేశములలో ఇది చిరకాలపు వినోదము. దీనికి పెద్ద వ్యయము లేదు. ఓర్పు, చెవి, భూగోళజ్ఞానము కావలెను.

1901 డిసెంబరు 12వ తేదీన మార్కొనీ ఇంగ్లాండునుండి వెడలిన సంకేతమును అట్లాంటికు సముద్రమున కావలనున్న న్యూఫౌండ్లాండు తీరమున వినెను. భూమి గుండ్రముగా ఉండగా తరంగము అంత దూర మెట్లు వంగి వచ్చెనని పండితు లాశ్చర్యపడిరి. ఆకాశమున విద్యుత్కణములతో నిండిన పొర యుండవలెనని 1902లో కెన్నెల్లీ, హెవిసైడులు ఊహించిరి. 1924లో ఆపిల్టను దానిని ప్రయోగముచే నిరూపించి, 1947లో నోబెలు బహుమానము నందెను. ఆ పొరలనుగూర్చి మన వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారును, వారి శిష్యులును పరిశోధనలు సలిపిరి.

సంగతి ఇట్లుండును. పగటివేళ ఎండచే అరువది మొదలు తొంబది కిలోమీటర్ల ఎత్తున ఒక క్రిందిపొర యేర్పడి, మధ్యమతరంగములను ఇసుక నీటిని పీల్చినట్లు పీల్చివేయును. ప్రొద్దు గ్రుంకగానే అది కరగిపోవును. అప్పుడు తరంగములు పైపొరలదాక పోయి, అచ్చటినుండి తిరిగి వందలకొలది మైళ్ల యవతల దిగును. అందుచేతనే పగలు విజయవాడ తప్ప వేరొకటి పలుకని పెట్టె రాత్రి పది భాషలు పలుకును. మార్గశిర పుష్యములలో ఉరుములు తక్కువ గనుక గరగరలును తక్కువ. శ్రోతకు అదియే పంటకాలము.

ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. అది 837 కిలోహెర్ట్జులపై ప్రసారము చేయుచు వచ్చినది. మూడులక్షలను 837చే భాగించినచో తరంగపు పొడవు సుమారు 358 మీటర్లని తేలును. ఇందు లెక్కల వారికి ప్రీతి కలిగించు విశేష మొకటి కలదు. 1978 నవంబరు 23వ తేదీనుండి మన ప్రాంతమున మధ్యమతరంగ స్థానములన్నియు తొమ్మిదేసి కిలోహెర్ట్జుల యెడముతో, 531 మొదలు 1602 వరకు అమర్పబడినవి. అవి మొత్తము 120. ప్రతి సంఖ్యయు తొమ్మిదిచే నిశ్శేషముగా భాగింపబడును. విజయవాడ 837, హైదరాబాదు 738, మద్రాసు 720, విశాఖపట్టణము 927, అండమానునందలి పోర్టుబ్లెయిరు 684: దేని అంకెలు కూడినను తొమ్మిదియో, పదునెనిమిదియో వచ్చును. శ్రోత తన పుస్తకమున 840 అని వ్రాసినచో, పాతకాలపు కరణము కూడికలో తప్పు పట్టినట్లు, తొమ్మిదుల లెక్కయే ఆ తప్పును పట్టియిచ్చును.

అంగలకుదురు సముద్రమునకు దవ్వైనను, తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగినచో సూర్యలంక తీరము చేరువనే యున్నది. రేపల్లె దిక్కుననైతే నిజాంపట్నము రేవు కలదు. తీరమునకు పోవుటయందు రెండు లాభములు కలవు. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును గనుక, నేలపై త్వరగా క్షీణించు తరంగము నీటిపై బహుదూరము సాగును. రెండవది, జనావాసములకు దూరముగా పోయిన కొలది కరెంటు తీగెల రొద తగ్గును. బంగాళాఖాతమున కావల అండమానులు, బర్మా, థాయిలాండు కలవు. అచ్చట ముందుగా చీకటి పడును. మనకు సంజవెలుగు మిగిలియుండగానే తూర్పు స్వరములు మెల్లగా లేచుట శ్రోతలకు పరమానందము.

ట్రాన్సిస్టరు పెట్టెలో నల్లని ఫెరైటు కడ్డీ యుండును. కడ్డీ కొన ప్రసారకేంద్రమువైపు తిరిగినపుడు ధ్వని సన్నగిల్లును. అడ్డముగా నున్నపుడు హెచ్చును. ఒకే స్థానమున రెండు కేంద్రములు కలిసి వినవచ్చినపుడు, పెట్టెను మెల్లగా త్రిప్పి ఒకదానిని అణచి రెండవదానిని వినవచ్చును. దిక్కును తెలిసికొనుటకును ఇదియే ఉపాయము.

వినినదానిని ఆ కేంద్రమునకు జాబుగా వ్రాయుట ఇందలి ఆచారము. తేది, వేళ, స్థానము, కార్యక్రమ వివరము, ధ్వని బలము, ఇతర కేంద్రముల అడ్డంకి తెలుపవలెను. విదేశములకు వ్రాయునపుడు మన వేళనుండి అయిదున్నర గంటలు తగ్గించి సార్వజనిక కాలము వేయుదురు. జాబు సరియైనచో కేంద్రమువారు ధ్రువపత్రముగా ఒక చిత్రపు కార్డును పంపుదురు. వినబడని పేరును ఊహించి వ్రాసి కార్డు సంపాదించుటలో ఘనత లేదు. అట్టివాడు ఇతరులను మోసగింపడు, తనను తానే మోసగించుకొనును. సంజయుని గుణము కావలసినది ఇచ్చటనే.

దూరపు కేంద్రములను వినుట మన పెద్దలకు క్రొత్త కాదు. 1952లో బి.వి. కేస్కరుగారు మంత్రిగా నున్నకాలమున ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు తగ్గగా, దేశమంతయు సిలోను రేడియోవైపు చెవి యొగ్గెను. అమీన్ సయానీగారి బినాకా గీత్‌మాలా ఆ యేటనే ఆరంభమైనది. దాని తర్వాతనే 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి పుట్టినది. సిలోను పాటలు వచ్చినది హ్రస్వతరంగములపై నైనను, దూరపు గొంతును వెదకి పట్టు నేర్పు ఒక్కటియే. శ్రోత ముల్లు త్రిప్పుటచే ప్రభుత్వము మనసు త్రిప్పుకొన్నది!

ఇక మెలకువతో ఆలోచింపవలసిన సంగతి యొకటి. జర్మనీలో డాయిచ్‌లాండ్‌ఫుంక్ 2015 చివర తన మధ్యమతరంగ ప్రసారములను నిలిపివేసినది. మన దేశమునను కొన్ని కేంద్రముల ప్రసారిణులు మూతపడినవి. ఇంటింట వెలయు చవుక దీపములు, చార్జర్లు చేయు రొదచే ఉన్నవియు సరిగా వినబడుటలేదు. అరచేతిలో ఫోనుండగా ఈ పాతపెట్టె యేలయని యువకు లడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మన తీరమే సమాధానము చెప్పగలదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అట్టి రాత్రి స్తంభములు కూలును, తీగెలు తెగును, ఫోను మూగవోవును. అప్పుడు రెండు బ్యాటరీలతో పలుకు పెట్టెయు, తుపాను తాకిడి లేని దూరపు కేంద్రమును మిగిలియుండవచ్చును. అయితే ఆ కేంద్ర మెచ్చట దొరకునో, పెట్టె నెట్లు త్రిప్పవలెనో ముందుగా నేర్చినవానికే ఆ మాట అక్కరకు వచ్చును. వినోదముగా నేర్చినది విపత్తున విద్య యగును.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు ఒక సూచన. ఒక బ్యాటరీ రేడియో, ఒక ప్రపంచపటము, గట్టి అట్టగల దినచర్య పుస్తకము ఒక బల్లపై నుంచవలెను. రాత్రి ఎనిమిది గంటలకు పిల్లలు పూటకొకరు వంతున విని, విన్నది మాత్రమే అందులో వ్రాయవలెను. శీతకాలమున ఒకమారు పెద్దలు వారిని సూర్యలంకకు తీసికొనిపోవలెను. గ్రంథము చూడని దేశమును కన్నులకు చూపును. రేడియో ఆ దేశపు గొంతును చెవికి వినిపించును. రెండును ఒక కప్పుక్రింద నుండుట గ్రంథాలయమునకు శోభ.