ఇంటి మాటయే పాటకు పల్లవి

(సంఘ సభ్యుల కూటమిలో చేసిన ఉపన్యాసము)



పాట వ్రాయవలెనను కోరిక యున్నను, తగిన విషయము దొరకలేదని మన యువతీ యువకులు తరచుగా అనుచుందురు. పాటకు గొప్ప సంఘటనయు, నిఘంటువులలోని పదములును కావలెనను తలంపే ఈ మాటకు మూలము. మన వాగ్గేయకారుల మార్గము ఇట్టిది కాదు.

తాళ్ళపాక అన్నమాచార్యులను (1408-1503) చూడుడు. వడ్లు దంచు స్త్రీల సువ్వి పాట, గొబ్బెమ్మల చుట్టు తిరుగుచు కన్నెలు పాడు పాట, బిడ్డను నిద్రపుచ్చు జోల - వీని బాణీలను ఆయన శ్రీవేంకటేశ్వరుని సన్నిధికి కొనిపోయెను. రోకటిపోటు నడకయే సువ్వి పాటకు తాళము. 17వ శతాబ్దివాడైన క్షేత్రయ్య తంజావూరు విజయరాఘవ నాయకుని ఆదరణ పొందెను. ఆయన పదములలో నాయిక పలుకు అలుకలు, ఎత్తిపొడుపులు ఇంటింట వినబడు నుడికారములే.

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున, తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించి, 1847లో తిరువైయారున సిద్ధి పొందెను. ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో మేలుకొలుపు, ఆరగింపు, లాలి, పవ్వళింపు ఉన్నవి. తల్లి బిడ్డకు దినదినము చేయు ఉపచారములే అవి. చుట్టును తమిళము వినబడు ఊరిలో, ఇంటి తెలుగునుండియే ఆ సంగీతము పుట్టినది.

ఈ సంగతి మనకు మిక్కిలి ముఖ్యము. హోసూరున గాని, బళ్ళారిలో గాని, బరంపురమున గాని, షోలాపురమున గాని మన పిల్లలు పెక్కుమంది బడిలో వేరొక భాష చదువుచున్నారు. వంటయింటిలోను, పెరటిలోను, పెద్దల పిలుపులలోను మాత్రమే తెలుగు మిగిలిన కుటుంబములు కలవు. ఆ తెలుగు పాటకు చాలదని మనమే తలంచినచో, ఆ పిల్లలు ఏ తెలుగున పాడగలరు? దానిలో ఇరుగుపొరుగు భాషల మాటలు కలిసినవని సిగ్గుపడ నక్కరలేదు. అవి మన పెద్దలు బ్రతికిన బ్రతుకునకు గురుతులు.

మేము చెప్పు పద్ధతి సులభమైనది. మొదట వినుడు. సాయంకాలము గుమ్మమున నిలిచిన తల్లి "ఇంకా రాలేదా?" అని అడుగును. అయిదు గురువులు, పది మాత్రలు. లయ దానిలోనే యున్నది. అదియే పల్లవి. మొదటి చరణమున ఆమె బడినుండి రావలసిన బిడ్డకై ఎదురుచూచును. రెండవ చరణమున మిల్లునుండి రావలసిన భర్తకై చూచును. మూడవ చరణమున ఆ బిడ్డయే పెరిగి, పరదేశమున ఉద్యోగము చేయుచుండును. తల్లి తల నెరసియుండును. పల్లవి మారలేదు; కాని తిరిగి వచ్చిన ప్రతిసారియు దాని బరువు పెరిగినది. ఇందులో కష్టమైన పదమొక్కటియు లేదు.

రోలు, రోకలి పెక్కు ఇండ్లనుండి తొలగిపోయినవి. కుక్కరు కూత, కుట్టుమిషను చప్పుడు, దూరమున నున్న మనుమనితో ఫోనులో మాటలాడు నాయనమ్మ గొంతు వచ్చినవి. వినువారుండిన వీనిలోను పాట కలదు.

కావున సభ్యులకు మా మనవి రెండు విధములు. ఇంటిలోని వృద్ధులు పనిపాటలలో పాడుకొనిన పాటలను, వారు పలికినది పలికినట్లే, సవరింపక వ్రాసియుంచుడు. ఏ పని చేయుచు పాడిరో అదియు వ్రాయుడు. రెండవది, వచ్చు కూటమికి ప్రతి ఇంటినుండి ఒక పల్లవి రావలెను. అది ఇంట నిజముగా ఎవరో పలికిన మాటయై యుండవలెను. పిల్లలు తెచ్చినచో తప్పులెన్నకుడు, ముందు పాడనిండు. పాడిన నోటికి భాష నిలుచును.