మంగళాజోడి జలాలలో ఛాయాగ్రహణ యాత్ర

విశాఖపట్నం నుండి భువనేశ్వర్ వెళ్లే రైలులో ప్రయాణించిన తెలుగువారికి చిలికా సరస్సు కొత్త కాదు. రంభ స్టేషను సమీపించినది మొదలు బాలుగావ్ వరకు కుడివైపు కిటికీలో నీరు కనిపిస్తూ, మరుగవుతూ, మళ్లీ కనిపిస్తూ ఉంటుంది. అయితే రైలులోంచి చూసే చిలికా వేరు. సరస్సుకు ఉత్తరపు అంచున, ఖుర్దా జిల్లా టాంగికి సమీపంలో ఉన్న మంగళాజోడి గ్రామం వద్ద చూసే చిలికా వేరు. ఇక్కడ సముద్రపు ఉప్పు తక్కువ. మహానది పాయలు తెచ్చిపోసే మంచినీరు ఎక్కువ. అనేకచోట్ల లోతు మొలబంటి కూడా ఉండదు. జమ్ము, కిక్కిస గడ్డి మనిషి ఎత్తు పెరిగి, వాటి నడుమ సన్నని నీటిబాటలు మాత్రమే మిగులుతాయి. ఈ బురదలో పురుగులు, నత్తలు, దుంపలు సమృద్ధిగా ఉండటమే వేలాది మైళ్ల దూరం నుండి పక్షులను ఇక్కడికి రప్పిస్తున్నది.

ఆ పక్షుల వెంట ఇప్పుడు ఛాయాగ్రాహకులు వస్తున్నారు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు బెంగాలీ, మరాఠీ, కన్నడం, హిందీ, తెలుగు మాట్లాడేవారు తెల్లవారకముందే మంగళాజోడి పడవరేవు వద్ద చేరుతారు. ఎక్కవలసినది నాటుపడవ, దానికి యంత్రం ఉండదు. వెదురు గెడతో నేలను పొడిచి నెట్టుకుంటూ పోవలసిందే. ఒకరు గెడ వేస్తారు. మరొకరు దుర్భిణి పట్టుకొని ముందు కూర్చుంటారు. ఈ ఇద్దరిదీ అదే గ్రామం. పడవలో ఎక్కిన అతిథి ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా, తరువాతి మూడు గంటలలో అతనికి చిత్రం దొరకడం, దొరకకపోవడం చాలావరకు ఈ ఇద్దరి చేతిలోనే ఉంటుంది.

అది ఎట్లాగో వివరించడం అవసరం. ప్రభాత సూర్యుడు పడవకు వెనుక ఉండాలి. లేకపోతే పక్షి నల్లని నీడగా మిగులుతుంది. గాలి దిశ కూడా చూసుకోవాలి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి, వెలుగు రెండూ ఒకే వైపు నుండి, అంటే వెనుక నుండి వచ్చేటట్లు పడవను నిలిపితే, ఎగిరే పక్షి ముఖం కెమెరావైపు ఉంటుంది, రెక్కలపై వెలుగు పడుతుంది. ఈ లెక్కను గెడ వేసేవాడు అతిథికి చెప్పడు, చేసి చూపుతాడు. ఎగిరే పక్షిని పట్టుకోవాలంటే సెకనులో 2000వ వంతు కాలం సరిపోతుందని అతిథికి తెలిసి ఉండవచ్చు. తెల్లని కొంగ చీకటి గడ్డి ముందు నిలిచినప్పుడు కెమెరాలోని కాంతిమాపకం చీకటినే చూసి మోసపోతుందనీ, వెలుగు తగ్గించకపోతే ఈకల అల్లిక అంతా సున్నం పూసినట్లు తెల్లబారుతుందనీ తెలిసి ఉండవచ్చు. కాని ఏ మలుపు దాటితే నల్లతోక గాడ్విట్ల గుంపు మేస్తూ ఉంటుందో, ఎంతసేపటికి ఆ గుంపు నీటి ఒడ్డుకు జరుగుతుందో అతనికి తెలియదు. పొడవైన తిన్నని ముక్కును బురదలో నిలువునా దించి ఆహారం వెతికే ఈ పక్షికి మంగళాజోడి ముఖ్యమైన శీతకాలపు విడిది.

ఈ గ్రామస్థులకు ఇంతటి విద్య ఎక్కడిదన్న ప్రశ్న కలగక మానదు. సమాధానం అంత ఇంపైనది కాదు. ఇరవయ్యవ శతాబ్దం చివరి దశాబ్దాలలో మంగళాజోడి పక్షుల వేటకు పేరుమోసిన ఊరు. వలలు, తుపాకులు, విషం కలిపిన ఎరలు వాడేవారు. గుడ్లు సైతం ఏరుకొనేవారు. చంపిన బాతులు సమీప పట్టణాలలో అమ్ముడుపోయేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పటికే అమలులో ఉన్నా, గడ్డి సందులలో దాగిన పడవను వెదకి పట్టుకోవడం సులభం కాదు. గుంపు ఎటు లేస్తుందో ముందుగా తెలియనివాడు వల పన్నలేడు. నేడు అతిథికి చిత్రాన్ని ఇస్తున్నది నాడు పక్షికి మరణాన్ని తెచ్చిన ఆ పరిజ్ఞానమే.

మార్పు ఒక్కనాటిది కాదు. వైల్డ్ ఒరిస్సా అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన నందకిశోర్ భుజబల్ పలుమార్లు ఈ గ్రామానికి వచ్చి వేటగాళ్లతో మాట్లాడారు. 2000 సంవత్సరంలో శ్రీ శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడింది. నిన్నటి వేటగాళ్లే అందులో కాపలాదారులయ్యారు. అదే సంవత్సరం సెప్టెంబరులో చిలికాకు సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వడం మరొక పెద్ద సంఘటన. పూడిక వల్ల, ఉప్పదనం తగ్గిపోవడం వల్ల 1993లో రామ్‌సార్ ఒప్పందం వారి ప్రమాద జాబితాకు ఎక్కిన ఈ సరస్సు, 2002లో ఆ జాబితా నుండి బయటపడింది. ఇటీవలి సంవత్సరాలలో జనవరి గణనలు సరస్సు మొత్తం మీద 10 లక్షలకు పైగా పక్షులను చూపుతున్నాయి.

వేట అనగానే పేదవాని నేరంగా తలచడం మనకు పరిపాటి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌ను ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. 1981లో చిలికాతోపాటు మన దేశం నుండి రామ్‌సార్ జాబితాలో చేరిన కేవలదేవ్ జలాశయం అక్కడిదే. 1938 నవంబరు 12న నాటి వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం అక్కడ ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. ఆ సంఖ్యను రాతిపై చెక్కించి నిలబెట్టారు. అది ఇప్పటికీ ఉన్నది. మంగళాజోడి వేటగాళ్లకు శిలాశాసనాలు లేవు, పోలీసు భయం మాత్రం ఉండేది. భరత్‌పూర్‌లో సైకిల్ రిక్షా తొక్కేవారే పక్షుల పేర్లు, అలవాట్లు నేర్చి మార్గదర్శకులైనారు. ఒడిశాలో గెడ, రాజస్థాన్‌లో రిక్షా! పెద్దచదువులు లేనివారు పెద్దచదువులవారికి పాఠం చెప్పే ఏర్పాటు రెండుచోట్లా ఒకటే.

అయితే కెమెరా తుపాకి కాదన్న మాట పూర్తిగా నిజం కాదు. పడవ సమీపిస్తున్నప్పుడు పక్షి మొదట మేత మానుతుంది. తరువాత మెడ నిక్కించి చూస్తుంది. ఆ పిమ్మట నాలుగడుగులు పక్కకు నడుస్తుంది. చివరకు లేచిపోతుంది. మొదటి సూచన వద్దనే గెడ ఆగాలి. లేచిపోయిన పక్షి మరోచోట వాలి మేస్తుంది గదా, నష్టమేమిటని అతిథి అడగవచ్చు. మార్చి నెలలో ఉత్తరానికి బయలుదేరే పక్షికి ప్రయాణపు ఇంధనం ఒంటిలోని కొవ్వే. అది చేరేది ఈ బురదలోనే, ఈ నాలుగు నెలలలోనే. ఒక్క పడవ ఒక్కసారి లేపితే ఏమీ కాకపోవచ్చు. పది పడవలు ఉదయమంతా ఒకే గుంపును లేపితే ఆ లెక్క వేరు. గూళ్ల విషయం ఇంతకంటె సున్నితమైనది. నీలిబొల్లికోడి, నల్లరెక్కల పొడుగుకాళ్ల పక్షి మొదలైనవి వలస పోక ఇక్కడే గుడ్లు పెడతాయి. చిత్రానికి అడ్డమని నాలుగు గడ్డిపోచలు వంచితే గూడు ఎండకు, కాకులకు, గద్దలకు బట్టబయలవుతుంది. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షిని బయటికి రప్పించడం కూడా ఇటువంటిదే.

ఇక్కడే మార్గదర్శికి అసలైన పరీక్ష. ఇంకొంచెం ముందుకు అని అతిథి కోరుతాడు. అతడు దూరదేశం నుండి సెలవు పెట్టుకొని వచ్చినవాడు. కాదంటే అసంతృప్తి చెందుతాడు, ఔనంటే రుసుముపై మరికొంత ఇవ్వవచ్చు. పడవ నడిపేవానికి సంపాదన ఉండేది సంవత్సరంలో కొద్ది నెలలు మాత్రమే. మిగిలిన కాలంలో చేపల వేట, కూలి పనులే గతి. నిన్న పక్షిని చంపితే డబ్బు వచ్చేది. నేడు పక్షిని బెదిరిస్తే డబ్బు వచ్చే ప్రమాదం ఏర్పడుతున్నది. గెడను నేలలో గుచ్చి, పడవను కదలనీయకుండా నిలిపి, తల అడ్డంగా ఊపగలిగిన మనిషి ఈ యాత్రకంతటికీ ఆధారం. చిత్రం పత్రికలో అచ్చయినప్పుడు లెన్సు పొడవు, వెలుగు వివరాలు కింద ఉంటాయి; అతని పేరు మాత్రం చాలా అరుదుగా కనిపిస్తుంది. ఇది సవరించుకోదగిన అలవాటు. ఖర్చు కూడా ఏమీ లేదు.

భాషాభిమానులకు ఈ పడవలో మరొక లాభం ఉన్నది. నారింజ రంగు ఒంటితో, వెలిసిన తలతో, నీటి అంచున జంటగా నిలిచే ఒక బాతును మార్గదర్శి చూపుతాడు. ఇంగ్లీషు పేరు చెబుతాడు, ఒడియాలో చకువా అంటాడు. హిందీవారికి అది చక్వా. సుర్ఖాబ్ అని కూడా అంటారు. తనను తాను గొప్పగా భావించుకొనేవానిని నీకేమైనా సుర్ఖాబ్ ఈకలు మొలిచాయా అని హిందీలో ఎత్తిపొడుస్తారు. సంస్కృతంలో చక్రవాకం. తెలుగు పల్లెలలో బాపన బాతు, కావ్యాలలో జక్కవ. రాత్రి కాగానే జంట విడిపోయి ఏటికి చెరొక ఒడ్డున విలపిస్తుందని కవులు వర్ణించిన జక్కవను తరగతి గదిలో ఎన్నోసార్లు చదివినవారు కూడా ఇక్కడకు వచ్చేవరకు చూచి ఉండకపోవచ్చు. ఇది లదాఖ్, టిబెట్ పీఠభూముల సరస్సుల వద్ద పిల్లలను పెంచి, చలికాలంలో మైదానాలకు దిగి వచ్చే పక్షి. పట్టెతల బాతు మంగోలియా వైపు నుండి సైతం హిమాలయాలు దాటి వస్తుంది.

పేర్ల ప్రస్తావన వచ్చింది గనుక ఒక పొరపాటును చెప్పుకోవాలి. చెరువులో ఏ పెద్ద పక్షి కనిపించినా సైబీరియా కొంగ అనడం మన పత్రికలలోనూ, ప్రసంగాలలోనూ అలవాటైంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చింతచెట్లపై గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియావి కావు. అవి దక్షిణాసియాకు చెందినవే, మన ప్రాంతాలలోనే పిల్లలను పొదుగుతాయి. వాటి రాక శుభమని నమ్మి అక్కడి గ్రామస్థులు తరతరాలుగా కాపాడుతున్నారు. చిలికాకు దక్షిణంగా, ఒడిశా సరిహద్దుకు ఎంతో దూరం కాని ఆ ఊరివారికి మంగళాజోడి వారు చెప్పగలిగినది, మంగళాజోడి వారు ఆ ఊరి నుండి నేర్చుకోదగినది చాలా ఉన్నది.

కళాశాల విద్యార్థులు ఈ యాత్ర చేయదలిస్తే ఖరీదైన కెమెరా లేదని వెనుకాడనవసరం లేదు. సాధారణ దుర్భిణి, ఒక నోటుపుస్తకం చాలు. భువనేశ్వర్ నుండి సుమారు 70 కిలోమీటర్లు. రాత్రికి గ్రామంలోనే బస చేయడం మంచిది, ఎందుకంటే ఎండ ముదిరిన తరువాత నీటిపై వేడిగాలి అలలాడి చిత్రాలు మసకబారుతాయి. తెలుపు, ఎరుపు దుస్తులు వద్దు. పడవలో లేచి నిలబడరాదు. మోకాళ్లు ముడుచుకొని, కెమెరాను పడవ అంచుపై ఇసుకసంచి వంటి మెత్తని ఆసరాకు ఆనించి కూర్చుంటే పక్షి కంటి ఎత్తున చిత్రం వస్తుంది. గెడ ఆగినప్పుడు ఎందుకు ఆగిందని వెంటనే అడగక, కాసేపు అటువైపే చూస్తూ ఉండాలి.