అమ్మకు బరువు తగ్గే ఆపరేషనా? పైసలు పంపే ముందు అడగండి

(పోయిన శుక్రవారం క్యాంపు మీటింగులో మన గ్రూపు నర్సు అక్క చెప్పిన మాటలివి. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ల కోసం పెడుతున్నాం.)

చాయ్ తాగుతూనే వినండి.

పోయిన వారం మన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మకు 66 ఏండ్లు. 102 కిలోలున్నది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. బరువు తగ్గే ఆపరేషన్ చేస్తమన్నరు, మూడో రోజు ఇంటికి పంపుతరట. అప్పు తెచ్చి పంపాల్నా?" అన్నాడు.

వద్దు అని నేను చెప్పలేదు. ఐదడుగుల మనిషి 102 కిలోలుంటే బీఎంఐ 44 అవుతుంది. 35 దాటితే ఆపరేషన్ చేయవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. వయసుకు పైహద్దు కూడా పెట్టలేదు. అమ్మ వయసు కంటే ఆమె ఒంట్లో సత్తువ ఎంత ఉందన్నది ముఖ్యం. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడుతుందా? రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుందా? ఈ సంగతి డాక్టరుకు తెలియదు, పక్కన పడుకునే చెల్లెకు తెలుస్తుంది. ముందు ఆమెను అడగండి.

గురక సంగతి ఎందుకంటే, నేను ఐసీయూలో పనిచేసేదాన్ని. అలాంటి వాళ్లకు మత్తు, ఆపై నొప్పి తగ్గే ఇంజెక్షన్లు పడితే మొదటి రాత్రే ఊపిరి ఆగిపోవచ్చు. మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మిషన్ పెట్టాలి, రాత్రంతా ఒకరు కనిపెట్టుకొని ఉండాలి. అందరికీ ఐసీయూ అవసరం రాదు, చాలామంది తెల్లారి వార్డులో నడుస్తారు కూడా. పెద్ద వయసు వాళ్లకు మాత్రం గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల్లో మిగులు బలం తక్కువ. ఒకటి దెబ్బతింటే మిగతావి దాని వెంటే పోతాయి.

స్లీవ్ ఆపరేషన్‌లో కడుపు సంచిలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. అరటికాయంత గొట్టం మిగులుతుంది. ఆ కుట్టు దగ్గర కారితే ప్రాణం మీదికొస్తుంది. అది ఆపరేషనైన వారం, పది రోజులకు, అంటే ఇంటికొచ్చాక కూడా జరగొచ్చు. నాడి 120 దాటడం, కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం దాని గుర్తులు. ముసలివాళ్లకు జ్వరం రాకపోవచ్చు. మెటోప్రొలాల్ లాంటి గోళీ వేసుకుంటే నాడి కూడా పెరగకపోవచ్చు. "గ్యాసు" అని ఇంట్లో పెట్టుకోవద్దు, ఆపరేషన్ చేసిన చోటికే తీసుకుపోవాలి. కాలిలో రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదమూ ఉంది. అందుకే నొప్పి అన్నా సరే అదే రోజు లేపి నడిపిస్తారు, రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తారు.

ఊళ్లో జరిగే పొరపాట్లు రెండు ఉన్నాయి, అవి చెప్పాలి. తిండి తగ్గినా పాత షుగరు గోళీలు, ఇన్సులిన్ అలాగే వేసి పడిపోయేవాళ్లు ఒకరు. మోతాదు డాక్టరు మార్చాలి. రెండోది, రోజుల తరబడి వాంతులవుతుంటే ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కించుకోవడం. వాంతులతో బీ1 విటమిన్ అడుగంటుతుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కునే అలవాటు కూడా మానాలి, కడుపులో పుండ్లు పడతాయి.

పైసల మాట. హాస్పిటల్ వాళ్లను ఇవి అడగండి: ఐసీయూ, వెంటిలేటర్ ఆ బిల్డింగులోనే ఉన్నాయా, అంబులెన్సులో వేరే చోటికి పంపుతారా? రాత్రి డ్యూటీలో డాక్టరు ఉంటాడా? అరవై దాటిన వాళ్లకు ఎంతమందికి చేశారు? ప్యాకేజీలో ఐసీయూ రోజులు, మళ్లీ కడుపు తెరవాల్సి వస్తే ఆ ఖర్చు కలిసి ఉన్నాయా? నోటిమాట వద్దు, కాగితం మీద రాయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఒకసారి పెట్టి ఊరుకునే ఖర్చు కాదిది. విటమిన్ గోళీలు జీవితాంతం వేసుకోవాలి, రక్త పరీక్షలు చేయిస్తూ ఉండాలి. గుడ్డు, పప్పు, పెరుగు సరిగా అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగి, ముసలి మనిషి కిందపడి తుంటి విరగ్గొట్టుకుంటుంది.

మొదటి నెల పక్కన ఎవరుంటారో కూడా చూసుకోండి. మనకు సెలవు దొరకదు, మన పైసలు అమ్మను రాత్రి బాత్రూముకు తీసుకుపోవు.

ఆ తమ్ముడు హాస్పిటల్‌కు ఫోన్ చేసి అడిగాడు. ఐసీయూ లేదు, అవసరమైతే పెద్ద హాస్పిటల్‌కు పంపుతామన్నారట. ఇప్పుడు గుండె పరీక్ష, నిద్ర పరీక్ష ముందు చేయించి వేరే చోట చూపిస్తున్నాడు. అప్పు ఇంకా తేలేదు.

మీ ఇంట్లో ఇలాంటి మాట నడుస్తుంటే రిపోర్టులు ఫోటో తీసి తెండి. వచ్చే శుక్రవారం సాయంత్రం ఇక్కడే ఉంటాను, కలిసి చదువుదాం.