పిల్లల జవాబు పిల్లలదే కావాలి

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తల్లిదండ్రులను, కార్యకర్తలను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)

 

మన పిల్లల్లో అనేకులు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగులో పరీక్ష రాస్తున్నారు. కుప్పం వైపు తమిళ, కన్నడాలు కూడా వారి చెవిన పడుతుంటాయి. ఇన్ని భాషల నడుమ పెరిగే పిల్లలకు గ్రహణశక్తి కొరవడదు. గ్రహించినదాన్ని కాగితంపై పెట్టే అభ్యాసమే కొరవడుతున్నది. ఆ లోటును గైడులతో పూడ్చాలని చూస్తున్నాము. అయితే పదవ తరగతి తెలుగు పరీక్షలో అపరిచిత గద్యం ఇస్తారు. మునుపెన్నడూ చూడని ఆ పేరాకు బట్టీ పట్టిన జవాబు అక్కరకు రాదు.

మన ప్రాంతపు విషయాన్నే ఉదాహరణగా తీసుకుందాము. ‘1919లో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె వచ్చి, బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశారు. తాను బెంగాలీలో రచించిన జనగణమన గీతాన్ని అక్కడే ఆంగ్లంలోకి అనువదించారు.’ ఈ రెండు వాక్యాలపై మూడు విధాల ప్రశ్నలు అడుగవచ్చు.

టాగూర్ ఎప్పుడు వచ్చారు? ఈ జవాబు పేరాలోనే ఉంది. వెతికి గుర్తిస్తే చాలు.

గీతాన్ని ఆంగ్లంలోకి ఎందుకు తెచ్చి ఉంటారు? కారణం పేరాలో రాసి లేదు. గీతం బెంగాలీది, ఊరు మదనపల్లె. ఇక్కడివారికి బెంగాలీ రాదు గనుక అని ఊహించాలి. ఊహకు ఆధారమైన మాటలను పేరా నుండి చూపాలి.

నీకు నచ్చిన పాటను నీ భాష రాని స్నేహితునికి ఎలా వివరిస్తావు? ఇక్కడ ప్రతి బిడ్డ జవాబూ వేరుగా ఉండాలి. ఏ గైడూ ఇవ్వలేని జవాబు ఇది.

కథల విషయమూ ఇంతే. ఒక పాత్ర చేసిన పని న్యాయమా అని అడిగితే, అవును కాదు అనడం సగం జవాబే. ఆ పాత్ర ఏమి చేసిందో, ఏమి పలికిందో చూపి, ఆపైన తన అభిప్రాయం చెప్పాలి.

తెలుగు చదవలేని తల్లులు వెనుకాడనవసరం లేదు. బిడ్డచేత పాఠాన్ని బిగ్గరగా చదివించండి. ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, నీకేమనిపించింది అని ఇంటి భాషలోనే అడగండి. బిడ్డ చెప్పినదాన్ని మూడు నాలుగు తెలుగు వాక్యాలుగా రాయించండి. అర్థాన్ని ఒక భాష నుండి మరొక భాషకు చేర్చడమే మదనపల్లెలో టాగూర్ చేసిన పని కూడా. పాఠ్యపుస్తకాలకు తోడు, 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ వంటి కథా సంపుటాలు ఇంట్లో ఉంచండి.

ఇక హక్కుల మాట. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రభుత్వం యత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. ఆ కమిటీలలో చేరండి. ఉర్దూ ఉపాధ్యాయ ఖాళీల గురించి, మూతపడిన గ్రంథాలయ బీరువాల గురించి అక్కడ నిలదీయండి.

చదివి, అర్థం చేసుకొని, తన మాటలో జవాబు రాయడం నేర్చిన బిడ్డ రేపు ఇంటికి వచ్చిన నోటీసును చదువగలదు. తెలియని కాగితంపై తండ్రిని సంతకం చేయనీయదు. ఈ అభ్యాసాన్ని నేటి రాత్రి ఒక పేరాతో మొదలుపెట్టండి.