తలుపు లేని ఇల్లు
(పాఠశాల వార్షికోత్సవమున, తలిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికపై పరీక్షా ఫలితములను గూర్చియు, తెలుగు తరగతులలో పిల్లల సంఖ్యను గూర్చియు చెప్పుచుంటిమి. ఆ లెక్కలన్నియు నివేదికలో అచ్చయి మీ చేతులలోనే యున్నవి. వానిని మరల చదువము. నేడు మీ యిండ్లలోని పెద్దవారిని గూర్చి, వారు కాపురముండు గదులను గూర్చి చెప్పదలచితిమి. బడిపంతులకు ఇంటి మరమ్మతులతో నేమి పని యని కొందరికి తోచవచ్చును. కొంచెము ఓపికతో వినవలెనని మనవి. మొదట దూరదేశపు వృత్తాంత మొకటి చెప్పెదము.

ఆస్ట్రేలియా ఖండమధ్యమున ఆలిస్ స్ప్రింగ్స్ అను పట్టణము కలదు. దానికి ఆగ్నేయముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున సాంటా తెరీసా అను చిన్న ఊరున్నది. 1953లో క్రైస్తవ మిషనువారు నెలకొల్పిన ఊరది. అచ్చట నివసించువారు ఆ నేలకు ఆదినుండి చెందిన ప్రజలు. వారి మాతృభాష అరండ. ఆ భాషలో ఊరి పేరు వేరు, ల్జింజ అపూర్ట. ఇండ్లు మాత్రము వారి సొత్తు కావు. ఉత్తర టెరిటరీ ప్రభుత్వమే యజమాని, గృహశాఖయే అద్దె వసూలు చేయును, మరమ్మతు చేయవలసిన బాధ్యతయు దానిదే.

వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండలు. గొట్టములు కారుచుండెను, మరుగుదొడ్లు పూడిపోయెను, పొయ్యిలు పనిచేయకుండెను. చెప్పుకొనగా చెప్పుకొనగా విసిగి, 2016లో సుమారు 70 కుటుంబములవారు యజమానిపై, అనగా ప్రభుత్వముపైననే, వ్యాజ్యము వేసిరి. యజమాని యేమి చేసెను? మీరే మాకు అద్దె బాకీ యున్నారని ఎదురు దావా వేసెను. ఈ పద్ధతి మనకును క్రొత్త కాదు.

ఆ వాదులలో నొక వృద్ధురాలుండెను. ఆమె పేరు చెప్పము. మరణించినవారి పేరును ఉచ్చరింపకుండుట అచ్చటి జనుల ఆచారము. ఆమె ఇంటికి వెనుక తలుపు లేదు. ఒక రోజు కాదు, ఒక వర్షకాలము కాదు, 68 నెలలు లేదు. ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ ఆరవ తరగతి ముగించు నంతటి కాలము. గోడలో తలుపుండవలసిన చోట ఖాళీ. ఆ ఖాళీ నెదుట పెట్టుకొని ముసలి ప్రాణము ప్రతి రాత్రియు పండుకొనవలెను. ఆమెను ఎవరైన కొట్టిరా, ఏమైన దొంగిలించిరా యని లెక్కచూచువారికి నష్టము కనబడకపోవచ్చును. కాని నిద్ర పోయినది గదా! తెల్లవారువరకు చెవులు రిక్కించుకొని యుండుట నష్టము కాదా? న్యాయస్థానముల ముందు నిలిచిన ప్రశ్న సరిగా ఇదియే.

2019లో మొదటి తీర్పు వచ్చినది. అందు ఆమెకు దక్కినది స్వల్పము. 2020లో టెరిటరీ ఉన్నత న్యాయస్థానము, ఇల్లు ప్రాణాపాయము లేకుండుట మాత్రమే చాలదనియు, నేటి కాలమునకు తగినట్లు మనుష్యులు ఓ మోస్తరు సుఖముగా ఉండదగినదై యుండవలెననియు నిర్ణయించినది. తలుపు లేనందున ఆమె పడిన మనోవేదనకు 10,200 డాలర్లు ఇప్పించినది. 2022లో అప్పీలులో ఆ పరిహారము కొట్టివేయబడినది. తుదకు 2023 నవంబరు 1వ తేదీన ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, యజమాని ఇంటిని భద్రముగా నుంచనందువలన అద్దెకున్నవారికి కలుగు మనోవేదనకు పరిహారము ఇప్పింపవచ్చునని తేల్చి, ఆ మొత్తమును నిలబెట్టినది. అప్పటికి ఆ తల్లి జీవించి లేదు.

10,200ను 68చే భాగించిన నెలకు 150 వచ్చును. మా ఐదవ తరగతి పిల్లలు చేయగల లెక్క. మొత్తము గొప్పది కాదు. అయినను 68 అను సంఖ్యను చూడుడు. తలుపు ఎన్నడు పోయినదో, ఎన్నడు వచ్చినదో తేదీలు తేలినందుననే ఆ సంఖ్య పుట్టినది. "చాలకాలము తలుపు లేదు" అని మాత్రమే యున్న, ఏ న్యాయాధిపతి దేనితో గుణించును?

ఇంకొక మాట. ఎక్కడ ఇండ్లు శిథిలమైనను, కాపురమున్నవారే పాడుచేసిరని యజమానులు చెప్పుట పరిపాటి. ఆస్ట్రేలియాలోనే దీనికి సమాధానము దొరకినది. 1985లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పిట్జన్‌జట్జర భూములలో, ఆదివాసుల ఆరోగ్య సంఘమున యామీ లెస్టర్ అను పెద్ద, మనవారు జబ్బుపడకుండ చేయుడని కోరగా, పాల్ ఫొలేరోస్ అను గృహశిల్పియు మఱి ఇద్దరు వైద్యరంగమువారును ఇంటింటిని పరీక్షింప బూనిరి. వారి నియమ మొకటి మాకు మిక్కిలి నచ్చినది: మరమ్మతు చేయక ఊరక లెక్క వ్రాసికొని పోరాదు. పరీక్షింప వచ్చిన దినముననే పని మొదలు కావలెను. అందును ముందుగా కరెంటు, ఏలయన చంపునది అదియే. తరువాత నీరు, మురుగు. అట్లు వేలకొలది ఇండ్లను చూచిన పిమ్మట తేలినదేమన, లోపములలో 70 శాతము నిత్యపు మరమ్మతు లేనందున వచ్చినవి. 21 శాతము మొదటనే కట్టడము సరిగా లేనివి. కాపురమున్నవారు పాడుచేసినవి 9 శాతము మాత్రమే.

ఇక మన ముంబాయికి వత్తము. మిల్లు పనులకు, కట్టడపు పనులకు మన పెద్దలు ఇచ్చటికి వచ్చిరి. కామాఠీపురా యను పేరే మన కామాఠీలవలన వచ్చినది. వారు దిగిన పాత చాళ్ళలో నేటికిని మీలో కొందరి తలిదండ్రులున్నారు. పాత అద్దె కాబట్టి మరమ్మతు గిట్టదని యజమాని చెప్పును. ఇటువంటి పాత కట్టడములనుండి పన్ను వసూలుచేసి మరమ్మతు చేయుటకై 1969లోనే చట్టమైనది, దానికి బోర్డు కలదు. ప్రతి సంవత్సరము వానలకు ముందు మిక్కిలి ప్రమాదకరమైన భవనముల జాబితాయు వెలువడును. అయినను 2017 ఆగస్టు 31న భేండీబజారులో హుస్సేనీ భవనము కూలి 30 మందికి పైగా మరణించిరి. ఖాళీ చేసిన తిరిగి గది దక్కునో లేదో యని వృద్ధులు కదలరు. వారి భయమును తెలివితక్కువతనమని మేమనము. తిరిగి ఇచ్చు గదికి కాగితమేదని అడుగుట వారి హక్కు.

అసలు చిక్కు భాషలో నున్నది. మా విద్యార్థిని యొకతె అవ్వగారు తలుపున కంటించిన నోటీసును జాగ్రత్తగా ఊడదీసి, దేవుని పటము వెనుక దాచిరి. అది మరాఠీలో నున్నది. ఆమెకు వచ్చినది తెలుగు చదువు, అదియు కొంచెము. భవనము మెట్లు బలహీనముగా నున్నవనియు, పదునైదు దినములలో అభ్యంతరములు తెలుపవలెననియు అందు వ్రాసియుండెను. మనుమరాలు చూచునప్పటికి గడువు దాటినది. తరువాత మెట్లకు వెదురు ఊతములు పెట్టిరి. అవి నేటికిని ఊతములే.

మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు సంబంధించినది. దానిని ఈ వేదికపై పలుమారులు విన్నారు. దాని ముందున్న 350వ అధికరణమును ఎవరును తలపరు. కష్టము తొలగింపుమని కోరుచు కేంద్రమునకుగాని రాష్ట్రమునకుగాని చెందిన ఏ అధికారికైనను, ఆయా కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విజ్ఞాపన పంపుకొను హక్కు ప్రతి వ్యక్తికిని కలదని అందున్నది. మన అవ్వలు తెలుగున వ్రాయవచ్చును. అధికారి త్వరగా చదువవలెనన్న మరాఠీ ప్రతి జోడించుట మేలు. హక్కు వేరు, పని జరుగుట వేరు గదా.

కావున మేము చేయదలచినది చెప్పెదము. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లేఖారచన పాఠమున "సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునకు లేఖ" చాలకాలముగా చెప్పుచున్నాము. అట్టి లేఖలు మాకు కావలసినన్ని వచ్చుచున్నవి. వచ్చే జూనునుండి ఇంటి మరమ్మతు కోరు విజ్ఞాపనయే పాఠము. ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు, క్రింది అంతస్తులోని మొదటి గదిలో, పిల్లలును మరాఠీ ఉపాధ్యాయులును కూర్చుందురు. మీ యింటి పెద్దలను తీసికొని రండు. మెట్లెక్కు పని లేదు. అద్దె రసీదులు, గోడకు అంటించిన నోటీసులు, ఏది పాడైనదో ఎన్నటినుండియో వ్రాసిన చీటీ వెంట తెండు. విజ్ఞాపనకు రెండు ప్రతులు వ్రాయింతుము. ఒకటి కార్యాలయమునకు, రెండవదానిపై అందినట్లు ముద్ర వేయించుకొని ఇంటికి. ఆ ముద్ర వేయించుటకు ఎవరైన తండ్రులు తోడు పోగలిగిన, గుమాస్తాగారివద్ద నేడే పేరు వ్రాయింపుడు. ఇప్పటికి ముగ్గురు వ్రాయించిరి.