ఎత్తుబాటకు తగిన సైకిలు

మేడారము పేరు వినినంతనే తెలుగువారికి సమ్మక్క సారలమ్మల జాతర స్ఫురించును. రెండేండ్ల కొకసారి మాఘమాసమున జరుగు ఆ జాతరలో మ్రొక్కు తీర్చుకొనువారు త్రాసునందు ఒక తట్టలో తాము కూర్చుండి, రెండవ తట్టలో తమ బరువునకు సరిపోవు బెల్లమును తూపించి తల్లుల కర్పింతురు. ఆ బెల్లమునకు అక్కడ బంగారమని పేరు. కొండదారిని సైకిలుపై ఎక్కదలచినవారు, సైకిలు కొనుటకు ముందు ఆ త్రాసును ఒక్కసారి తలచుకొనుట మంచిది. ఏలయన, కొండ తూచునది సైకిలును మాత్రమే కాదు. దానిపై కూర్చున్న మనిషిని, నీళ్ళ సీసాలను, పంపును, వీపున ఉన్న సంచిని కూడ కలిపి ఒకే తట్టలో తూచును.

నేడు మన నగరములలో కార్బన్ ఫ్రేము గల రోడ్డు సైకిళ్ళు తరచుగా కానవచ్చుచున్నవి. అరకు ఘాటునో, మదనపల్లె చెంతనున్న హార్సిలీ కొండలనో సైకిలుపై ఎక్కవలెనని యువతీ యువకులు ఉత్సాహపడుచున్నారు. అది మెచ్చదగిన కోరికయే. కాని యీ సైకిళ్ళ వెల అనేక సందర్భములలో లక్ష రూపాయలు దాటును. ఇంటిలోని కుమారుడో కుమార్తెయో అట్టి సైకిలు కావలెనని కోరినప్పుడు పెద్దలకు రెండు సందేహములు కలుగును. ఇంత సొమ్ము దేనికి? ఇది క్షేమమేనా? ఈ రెండింటికిని సమాధానము చెప్పుటకు ప్రయత్నింతును.

కార్బన్ ఫ్రేమనగా వెండ్రుకకంటె సన్నని కార్బన్ పోగులను పొరలు పొరలుగా అమర్చి, ఎపాక్సీ అను బంకతో బిగించి, అచ్చులలో వేడిచేసి తయారుచేసినది. పోగులు ఏ దిశగా సాగునో ఆ దిశగా బలము హెచ్చు. కనుక బలము కావలసిన చోట ఎక్కువ పొరలు వేసి, అక్కరలేని చోట తగ్గించుటకు వీలున్నది. తేలికదనమునకు మూలమిదియే. 1986లో గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫ్రేము గల సైకిలుపై టూర్ ద ఫ్రాన్స్ పందెమును గెలిచెను. తరువాత ఈ పదార్థము పందెగాండ్ర లోకమంతట వ్యాపించినది. తేలికదనముకొరకు పోటీ మితిమీరకుండుటకై అంతర్జాతీయ సైక్లింగు సంఘము, పందెపు సైకిలు 6.8 కిలోగ్రాములకు తగ్గరాదని 2000 సంవత్సరము నుండి నియమము పెట్టినది.

మన ఊళ్ళలో పాలక్యానులు మోయు ఉక్కు సైకిలు బరువు పద్దెనిమిది ఇరువది కిలోలుండును. మంచి అల్యూమినియం రోడ్డు సైకిలు తొమ్మిది, పది కిలోలుండును. కార్బన్ సైకిలు ఏడెనిమిది కిలోలుండును. మొదటిదానికిని రెండవదానికిని గల అంతరము మిక్కిలి పెద్దది. రెండవదానికిని మూడవదానికిని గల అంతరము ఒకటి రెండు కిలోలు మాత్రమే. వెలలో తేడా యీ రెండవ మెట్టుననే ఎక్కువగా ఉన్నది. ఆ ఒక్క కిలో వలన కలుగు లాభమెంత?

ఒక చిన్న లెక్క వేయుదము. మనిషి 70 కిలోలు, సైకిలు 8 కిలోలు, నీళ్ళు మొదలగునవి 2 కిలోలు, మొత్తము 80. దారి పది కిలోమీటర్లు. ప్రతి నూరు మీటర్లకు ఆరు మీటర్ల ఎత్తు లేచునది. అనగా మొత్తము 600 మీటర్ల ఎత్తు. వ్యాయామము అలవాటున్న సామాన్యుడు గంటసేపు నిలుపగల శక్తి సుమారు 150 వాట్లు. ఈ లెక్కన అతడు కొండ ఎక్కుటకు దాదాపు 58 నిమిషములు పట్టును. సైకిలు ఒక కిలో తగ్గినచో అతనికి మిగులు కాలము సుమారు 40 సెకనులు. పందెగానికి 40 సెకనులు విజయమునకును ఓటమికిని నడుమనున్న దూరము. కొండమీది గాలి పీల్చుటకు పోవువానికి అది ఒకమారు ఆగి నీళ్ళు త్రాగునంతటి కాలము.

కొండపై మనిషిని నిజముగా కాపాడునవి గేర్లు. ముందు పళ్ళ చక్రమునకు 39 పళ్ళు, వెనుక పెద్ద చక్రమునకు 25 పళ్ళు గల పాత పందెపు అమరికను తీసికొనుడు. నూటికి ఎనిమిది మీటర్లు లేచు చోట నిమిషమునకు 60 మారులు పెడలు త్రిప్పవలెనన్న 225 వాట్ల శక్తి కావలెను. సామాన్యుడు అంత శక్తిని ఎంతోసేపు నిలుపలేడు. పెడలు నెమ్మదించును, మోకాళ్ళపై భారము పడును, తుదకు దిగి సైకిలును నడిపించుకొని పోవలసి వచ్చును. ముందు 34, వెనుక 34 పళ్ళున్నచో అదే ఎత్తున, అదే తీరున త్రొక్కుటకు 145 వాట్లు చాలును. వేగము గంటకు ఏడున్నర కిలోమీటర్లే కావచ్చును; కాని మనిషి ఆగడు. కనుక దుకాణమున మొదట సైకిలును చేతితో ఎత్తి చూచుట కాక, పళ్ళు లెక్కపెట్టి చూడవలెను.

తరువాతిది కొలత. పందెపు సైకిళ్ళలో హ్యాండిలు క్రిందుగను దూరముగను ఉండును. అట్లు వంగి గంటలకొలది ఎక్కినచో నడుము, మెడ నొచ్చును. హ్యాండిలు కొంత ఎత్తుగా, దగ్గరగా ఉన్న దూరప్రయాణపు సైకిళ్ళు మనలో పెక్కుమందికి అనుకూలము. దుకాణము ముందర రెండు చుట్లు త్రిప్పిన మాత్రమున ఈ సంగతి తెలియదు. వరంగల్లు నుండి ములుగు, పస్రా, తాడ్వాయిల మీదుగా మేడారమునకు సుమారు నూరు కిలోమీటర్లు. ఇరుప్రక్కల అడవి, దీర్ఘమైన ఘాటు లేదు. ఎక్కుటకు గేర్లు చాలునో లేదో యీ మార్గము చెప్పజాలదు. కాని సీటు, హ్యాండిలు దేహమునకు సరిపడినవో లేవో చక్కగా చెప్పును. జాతర రద్దీ లేని దినములలో, మిత్రునినుండి ఎరవు తెచ్చిన సైకిలుతోనైనను, ఇట్టి దారిలో సగము దూరము పోయి చూచినవాడు తన కొలత నెరుగును.

ఎక్కినవాడు దిగవలెను. పెద్దల రెండవ సందేహమునకు సమాధానమిచ్చట ఉన్నది. 80 కిలోల బరువు 600 మీటర్లు దిగునప్పుడు విడుదలయగు శక్తి లీటరున్నర నీటిని మరిగించుటకు చాలును. అందు కొంత గాలి హరించును. మిగిలినదంతయు వేడియై బ్రేకులపై పడును. రిమ్మును పట్టు బ్రేకులు, కార్బన్ రిమ్ములు గల సైకిలుపై నిడుపైన ఘాటులో ఎడతెగక బ్రేకు పట్టినచో, రిమ్ములోని బంక మెత్తబడి రిమ్ము చెడు ప్రమాదమున్నది. ఘాటులకు పోవువారు డిస్కు బ్రేకులనో, అల్యూమినియం రిమ్ములనో ఎంచుకొనుట క్షేమము. మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో బ్రేకును వదలుట అలవరచుకొనవలెను. టైర్లు 28 నుండి 32 మిల్లీమీటర్ల వెడల్పున్నచో మన రోడ్ల గతుకులను కొంత ఓర్చుకొనును. అంత వెడల్పు ఫ్రేములో పట్టునో లేదో ముందే అడిగి తెలిసికొనవలెను.

కార్బన్‌ను గూర్చి మరియొక మాట. నిత్యము త్రొక్కుట వలన అది తేలికగా అలసిపోవునది కాదు; గట్టి దెబ్బకు మాత్రము ఓర్వదు. ఉక్కు వంగి తన గాయమును చూపును. కార్బన్ పైకి చక్కగా కనబడుచునే లోపల పగులవచ్చును. కావున పడిన తరువాత, ముఖ్యముగా ముందు ఫోర్కును, తెలిసినవారికి చూపక మరల ఘాటు దిగరాదు. బోల్టులు బిగించుటకు వాటిపై వ్రాసిన కొలత ప్రకారము టార్కు స్పానరు వాడవలెను; బలముకొలది బిగించినచో గొట్టము నలుగును. బస్సు పైకప్పుపై త్రాళ్ళతో బిగించి కట్టుట కూడ మంచిది కాదు. చిన్న ఊరి దుకాణమున పంక్చరు వేయుదురు, చైను సరిచేయుదురు. పగిలిన కార్బన్ ఫ్రేమును బాగుచేయువారు అచ్చట దొరకరు. వాడిన కార్బన్ సైకిలును చౌకగా వచ్చినదని కొనువారు యీ సంగతి మరింత గుర్తుంచుకొనవలెను.

ఇవియన్నియు చెప్పుట కార్బన్‌ను నిందించుటకు కాదు. అది చేతికి తేలిక. గతుకుల అదురును కొంత అణచు తీరున దానిని మలచవచ్చును. త్రొక్కిన బలమును వృథా పోనీయదు. కాని ఎంపికలో దానికి తగిన వరుస ఉన్నది. మొదట దేహమునకు కొలత, పిదప గేర్లు, ఆ పిదప బ్రేకులు, టైర్లు చూడవలెను. ఇవి సరిపడి, శిరస్త్రాణమునకును, ఏటేట మరమ్మతునకును సొమ్ము కేటాయించిన మీదట ఇంకను మిగిలినచో కార్బన్ కొనవచ్చును. అంత మిగులనిచో, తగిన గేర్లున్న అల్యూమినియం సైకిలుపై అరకు ఘాటెక్కినవాడు చిన్నబోవలసిన పనిలేదు. కఠినమైన పందెపు గేర్లున్న కార్బన్ సైకిలును ప్రక్కన నడిపించుకొని వచ్చు మిత్రునికంటె అతడు ముందుగా చేరును. సాయంకాలము క్షేమముగా దిగి ఇల్లు చేరును.